తూఁగు: ఊగడం, తూచడం, కునకడం

పసిపిల్లను నిద్రపుచ్చడానికి దూలానికి పాత చీర కట్టి ఉయ్యాల వేస్తారు. చీర కొసలు రెండూ పైన ముడిపడి ఉంటాయి. మధ్యలో పిల్ల బరువుకు గుడ్డ సంచిలా కిందికి దిగుతుంది. తల్లి ఒకసారి తోసి వదిలితే ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. ఊపు తగ్గేసరికి పిల్ల కళ్లు మూతలు పడతాయి. వేలాడడం, ఊగడం, బరువు, నిద్ర నాలుగూ ఈ ఒక్క దృశ్యంలో ఉన్నాయి. దక్షిణాది భాషలు ఈ నాలుగింటికీ ఒకే ధాతువును వాడుకున్నట్టు చెప్పడానికి తగిన ఆధారాలే ఉన్నాయి. అవి ఎక్కడి దాకా నిలుస్తాయి, ఎక్కడ తెగిపోతాయి అన్నదే ఇక్కడి పరిశీలన.

నిలకడలేని కదలికకు తెలుగులో మాటలు కొల్లలు. సౌకర్యం కోసం వీటిని మూడు తీరులుగా విడదీయవచ్చు. పైన కట్టు ఉండి అటూ ఇటూ పోయి తిరిగి వచ్చేవి ఊగు, తూగు, వేలాడు. కింద ఆధారం జారి పడబోయేవి తూలు, తడబడు, తొట్రుపడు. ఉన్నచోటనే జరిగేవి వణుకు, అదురు. ఈ హద్దులు గట్టివేమీ కావు. ఇంగ్లీషులో తప్పటడుగులకు వాడే ‘టాటర్’ అన్న క్రియకు మధ్యయుగపు వాడుకలో ఊగడం అన్న అర్థం ఉండేది. ఒక తీరు మాట మరో తీరులోకి దాటడానికి అదొక సాక్ష్యం. అయినా విభజన చేసుకోకపోతే పోలిక ఉన్న ప్రతి మాటా చుట్టమే అనిపించే ప్రమాదం ఉంది.

మొదట ‘తూగు’. నేటి తెలుగులో దీనికి ప్రధానంగా రెండు వాడుకలు. బస్తా యాభై కిలోలు తూగుతుంది. మనిషి నిద్రకో మత్తుకో తూగుతాడు. ఈ రెండింటికీ పైకి సంబంధం కనిపించదు. వేర్వేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చి ఉండవచ్చునన్న అనుమానం సహేతుకమే. ఆ అనుమానాన్ని బలహీనపరిచే ఆధారాలు ఇవి.

1. కన్నడంలో ‘తూగు’ అంటే ఊగడం, వేలాడడం, తూచడం మూడూను. వేలాడే వంతెనను అక్కడ ‘తూగు సేతువె’ అంటారు. ‘తూక’ బరువు, ‘తూకడిసు’ కునికిపాట్లు పడడం. తెలుగులో విడివిడిగా కనిపించే రెండు కొసలను కలిపే మధ్య అర్థం, అంటే వేలాడి ఊగడం, అక్కడ ఇప్పటికీ వాడుకలో ఉంది.

2. మలయాళంలో ‘తూఙ్ఙుక’ వేలాడడం, ‘తూక్కం’ బరువు. కొన్ని దేవీ ఆలయాల్లో మనిషిని కొక్కేలకు వేలాడదీసే మొక్కుబడికీ తూక్కం అనే పేరు. నిద్ర ముంచుకొచ్చి తల వాల్చడాన్ని ‘ఉఱక్కం తూఙ్ఙుక’ అంటారు.

3. తమిళంలో ‘తూక్కు’ ఎత్తడం, తూచడం. ఉరిశిక్షకూ అదే మాట. ‘తూంగు’ నేటి వాడుకలో నిద్రపోవడం. అయితే పాత వాడుక వేరు. ప్రాచీన సాహిత్యంలో ఒక చోళరాజు ‘తూంగెయిల్’ను ధ్వంసం చేశాడన్న ప్రస్తావన వస్తుంది, దాన్ని ఆకాశంలో వేలాడే కోటగానే వ్యాఖ్యానిస్తారు, నిద్రపోయే కోటగా కాదు. తిరుక్కురళ్ 672వ పద్యంలో ఇదే క్రియ నాలుగు రూపాల్లో నాలుగుసార్లు వస్తుంది. అక్కడ అర్థం ఆలస్యం చేయడం, తాపీగా చేయడం. నేటి తమిళపు అలవాటుతో చదివితే నిద్రపోతూ చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయని కవి చెప్పినట్టవుతుంది. సందర్భం అందుకు ఒప్పుకోదు. వేలాడడం, ఆలస్యం కావడం, జోగడం, నిద్రపోవడం అన్న వరస ఊహించదగినదే. మెట్లన్నీ ఈ క్రమంలోనే పడ్డాయని మాత్రం ఈ రెండు ప్రయోగాలనుబట్టి తేల్చలేం.

4. నాలుగో ఆధారం తెలుగు రాతలోనే ఉంది. పాత ముద్రణల్లోనూ, 1885 నాటి శబ్దరత్నాకరం వంటి నిఘంటువుల సంప్రదాయంలోనూ ఈ మాట ‘తూఁగు’. ఆ అరసున్న అలంకారం కాదు. తమిళ ‘మూన్ఱు’కు తెలుగు ‘మూఁడు’, ‘ఆండు’కు ‘ఏఁడు’ ఉన్నట్టే ‘తూంగు’కు ‘తూఁగు’ ఉంది. నిండు అనునాసికం ఒకప్పుడు ఉండి క్షీణించినచోట అరసున్న మిగలడం తెలుగులో క్రమంగా కనిపించే మార్పు. అర్థసామ్యం కంటే ధ్వనిలోని ఈ క్రమబద్ధత ఎక్కువ నమ్మదగినది. అరసున్న వాడుక తప్పడంతో ఈ సాక్ష్యం సామాన్య పాఠకుడి కంటికి అందకుండా పోయింది, విచారించవలసిన నష్టమే.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే, తెలుగులో బరువు తూగడం, నిద్రకు తూగడం ఒకే మాట అయి ఉండడానికే అవకాశం ఎక్కువ. బరోవ్, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండో కూర్పు 1984) వంటి గ్రంథాలు ఇలాంటి సజాతీయ పదాలను ఒకచోట కూర్చడం వల్లనే ఈ తరహా పోలిక సాధ్యమవుతోంది. ఒక వైరుధ్యం మాత్రం మిగులుతుంది. తెలుగులో ‘తూగు’కు నేడు వేలాడడం అన్న అర్థం లేదు, ఆ చోటును ‘వేలాడు’ ఆక్రమించింది. ఊగడం అన్న అర్థం మాత్రం పూర్తిగా పోలేదు. కావ్యభాషలో ‘తూఁగుటుయ్యాల’ అన్న సమాసం ఉంది.

ఊగే వస్తువుకూ తూకానికీ సంబంధం ఎలా కుదిరింది? చేతితో పట్టే తక్కెడను దగ్గరగా చూస్తే సమాధానం కొంత దొరుకుతుంది. సంతలో మిరపకాయలు తూచే మనిషి దండె నడిమి తాడు పట్టుకొని పైకెత్తుతాడు. రెండు సిబ్బెలూ గాలిలో వేలాడతాయి, ఒకటి దిగి ఒకటి లేస్తుంది, మళ్లీ మారుతుంది. కొనేవాళ్ల కళ్లు ముల్లు మీదే ఉంటాయి. ముల్లు ఊగడం ఆగేదాకా తూకం తేలదు. బరువు తెలియాలంటే వేలాడదీయాలి. వేలాడదీస్తే ఊగక తప్పదు. ఒకవైపుకు ‘మొగ్గు’ చూపడం అన్న పలుకుబడి కూడా ఈ తక్కెడ దగ్గరే పుట్టి ఉండవచ్చు.

ఇలాంటి జతే లాటిన్‌లోనూ ఉంది. అక్కడ ‘పెండేరె’లో నడిమి అచ్చు దీర్ఘమైతే వేలాడడం, హ్రస్వమైతే తూచడం. మనం లోలకం అనే గడియారపు పెండ్యులం ఆ మాటల సంతతే. తూచడం నుంచి ఆలోచించడం దాకా కూడా ఆ మాట నడిచింది. ఫ్రెంచిలో ఆలోచించడానికి వాడే ‘పాన్సే’కు మూలం అదే. తెలుగులో ఆలోచించి మాట్లాడేవాణ్ణి తూచి మాట్లాడతాడంటాం. ఈ సామ్యాన్ని చూసి రెండు భాషలకూ చుట్టరికం కలపబోవడం పొరపాటు. అర్థాల నడక కలిసిందే తప్ప ధ్వనుల మధ్య క్రమమైన సంబంధం చూపలేం. తక్కెడ ఎక్కడైనా వేలాడే పరికరమే గనుక రెండుచోట్లా ఊహ విడివిడిగా పుట్టి ఉండవచ్చు.

సంస్కృతం సంగతి ఇంతకంటే చిక్కు. ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలోని చురాది గణంలో తూచడం అన్న అర్థంలో ‘తుల్’, పైకి విసరడం అన్న అర్థంలో ‘దుల్’ పక్కపక్కనే ఉన్నాయి. మొదటిదానితో తుల, రెండోదానితో దోల సాధిస్తారు. తూకం, ఉయ్యాల ఒకేచోట కూర్చున్నాయని సంబరపడేముందు ఆ పట్టిక తీరు గమనించాలి. ఆ చుట్టుపక్కల ‘పుల్’, ‘చుల్’ వంటివీ ఉన్నాయి. అంటే కూర్పు ధ్వనిసామ్యాన్ని అనుసరించి జరిగినట్టుంది, అర్థాన్ని బట్టి కాదు. పైగా ఋగ్వేదం ఏడో మండలంలోని వసిష్ఠుడి వరుణ సూక్తాల్లో ఉయ్యాలకు కనిపించే మాట ‘ప్రేంఖ’. మహావ్రత యాగంలో హోత ఎక్కి కూర్చునే ఉయ్యాలకూ అదే పేరు. దోల ప్రాచుర్యం ప్రధానంగా తరువాతి సాహిత్యంలోది. తెలుగులో ‘డోల’, హిందీలో ‘డోల్‌నా’, ‘డాఁవాడోల్’ అని డకారం వినిపించడం ప్రాకృత రూపాల ప్రభావమని భావించవచ్చు.

‘ఉయ్యాల’కు వస్తే వైరుధ్యం మన ఇంట్లోనే ఉంది. తెలుగులో ఉయ్యాల, ఉయ్యెల, ఊయల, కన్నడంలో ఉయ్యాలె, తమిళంలో ఊసల్, ఊంజల్, మలయాళంలో ఊఞ్ఞాల్. శిలప్పదికారంలో ‘ఊసల్‌వరి’ అనే ఉయ్యాలపాట భాగం ఉండడంతో తమిళ రూపం ప్రాచీనతకు సాక్ష్యం దొరుకుతోంది. ఈ భాషల్లో సకార యకారాలు మారడం కొత్త కాదు. తమిళ ‘ఉయిర్’కు తెలుగు ‘ఉసురు’, తమిళ ‘పెయర్’కు కన్నడ ‘హెసరు’ ఉన్నాయి. కానీ ఆ జతల్లో యకారం తమిళానిది, సకారం మిగతావాటిది. ఉయ్యాల దగ్గర సరిగ్గా తలకిందులు. కాబట్టి ఆ మార్పునే ఇక్కడ యథాతథంగా అన్వయించడం తొందరపాటవుతుంది. మలయాళంలోని ఞకారం దారి చూపుతుందేమో. మొదట ‘ఞ్చ’ ఉండి, ఒకచోట అనునాసికం పోయి చకారం, మరోచోట ఞకారం, ఇంకోచోట ఞకారం సడలి యకారం మిగిలాయనుకుంటే అన్ని రూపాలకూ చోటు దొరుకుతుంది. ఇది ప్రతిపాదన మాత్రమే.

వీటిలో ఊంజల్, ఉయ్యాల అన్న రెండు రూపాలూ తిరుమలలో ఇప్పుడు పక్కపక్కనే వినిపిస్తాయి. సాయంత్రం దీపాల నడుమ ఉత్సవమూర్తులను ఊపే సేవను ఊంజల్ సేవ అంటారు. అదే స్వామి మీద అన్నమయ్య (1408–1503) పాడినవి ఉయ్యాల పాటలు. ఒకే పాత మాట తమిళం మీదుగా ఒకసారి, తెలుగు సొంత దారిలో ఒకసారి కొండెక్కిందన్నమాట. తెలంగాణలో బతుకమ్మ పాటల పల్లవిగా ‘ఉయ్యాలో’ వస్తుంది. అక్కడ ఉయ్యాల ఉండదు. చప్పట్లు చరుస్తూ వలయంగా తిరిగే ఆడవాళ్లుంటారు. వంగి లేచే ఆ లయను బట్టే ఆ మాట చేరిందా, పాత ఉయ్యాలపాటల బాణీ ఈ పాటల్లోకి వచ్చిందా అన్నది రెండు విధాలా వాదించదగినది. రెండో దానికి బలం కావాలంటే ముందుగా ఆ బాణీల పోలిక చూపాలి.

ఊగడానికీ వణకడానికీ తేడాను సాహిత్యకారుల కంటే సంగీతశాస్త్రకారులు ఎక్కువ శ్రద్ధగా పట్టుకున్నారు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో పదిహేను గమకాలు చెప్పాడు. వాటిలో కంపితం వేగం అర ద్రుతం, ఆందోళితం వేగం ఒక లఘువు. తాళపు కాలమానంలో లఘువులో సగం ద్రుతం గనుక ఒక్క ఊపు పట్టే కాలంలో నాలుగు వణుకులు పడతాయి. స్వరం నిలవకపోవడం రెంటిలోనూ ఉంది. కాలాన్ని కొలిచి పేర్లు వేరుచేశాడు. భాష విషయంలో ఇంత కచ్చితమైన కొలత దొరకడం అరుదు. తరువాత ఆ ఆందోళన తెలుగులో మనసుకు పట్టి కలవరమైంది, వీధికెక్కి ఉద్యమమైంది. సంగీతజ్ఞుల నోట మాత్రమే అది ఇంకా ఊగుతోంది.

ఇక కాళ్లకు సంబంధించిన మాటలు. ‘తడబడు’కు రెండు వ్యుత్పత్తులు సాధ్యం. గడగడ, గజగజల వలె తడ–బడ అన్న జంట ధ్వని అనుకోవచ్చు; లేదా అడ్డు అన్న అర్థంలోని ‘తడ’కు ‘పడు’ చేరిందనుకోవచ్చు. తెలుగు రూపసిద్ధి రెండోదానికే అనుకూలంగా ఉంది. ఏర్పడు–ఏర్పాటు, పొరబడు–పొరబాటు, తొట్రుపడు–తొట్రుపాటు వరసలోనే తడబడు–తడబాటు నిలుస్తుంది. ధ్వన్యనుకరణ అయితే ‘బాటు’ రావలసిన పని లేదు. అయితే కన్నడంలో ‘తడబడిసు’ అని ఇసు ప్రత్యయంతో ఉంది. అది అనుకరణ పదాలకు అలవాటైన పద్ధతి. మొదట జంట ధ్వనిగా పుట్టిన మాటను తెలుగువాళ్లు పడు ధాతువుగా అర్థం చేసుకుని ఆ వరసలో చేర్చి ఉండడమూ అసాధ్యం కాదు. కాళ్లు తడబడినా, నాలుక తడబడినా ఒకే మాట వాడుతుండడం వల్ల అర్థం ఈ వివాదాన్ని తేల్చదు.

‘తూలు’ అన్నింటికంటే మోసపుచ్చే మాట. తూగుతో ఆద్యక్షరం కలుస్తుంది, దోలతో, తులతో లకారం కలుస్తుంది, తాగినవాడు తూగుతాడు, తూలుతాడు కూడా. ఇన్ని పోలికలుండడమే జాగ్రత్త పడవలసిన కారణం. తూఁగుకున్న అరసున్న తూలుకు లేదు. అనునాసికపు జాడ లేనిదే ఆ కుటుంబంలో చేర్చడానికి ధ్వనిపరమైన ఆధారం లేదు. దుల్ నుంచి వచ్చిందంటే దకారం తకారం ఎందుకైందో, ఆ మార్పు ఇంకెక్కడ జరిగిందో చూపాలి. వాడుకలోనూ తేడా ఉంది. ఉయ్యాల తూగుతుంది, తూలదు. తూలినవాడు ముందుకో పక్కకో పడిపోతాడు. తూగేవాడి తల వాలి మళ్లీ పైకి లేస్తుంది. మాట తూలినవాడు కూడా అన్నమాటను వెనక్కి తెచ్చుకోలేడు. ఈ తేడా చిన్నదైనా ధ్వని చెప్పేదానితో ఏకీభవిస్తోంది గనుక, ‘తూలు’ను ఇప్పటికి ఈ కుటుంబం వెలుపలే ఉంచడం ఉచితంగా తోస్తుంది.