ఆరవ వంతు లెక్క: బడంగ్‌పేట్ నుండి బాగ్దాదు వరకు

దిల్‌సుఖ్‌నగర్ నుండి కర్మన్‌ఘాట్, మీర్‌పేట మీదుగా దక్షిణానికి సాగితే బడంగ్‌పేట్ వస్తుంది. నేడది ఇండ్ల స్థలాల ఊరు. ఇక్కడ నేలను గజాల్లో కొంటారు, గజాల్లో అమ్ముతారు. రెండు తరాల క్రితం ఇదే నేల ఎకరాలు, గుంటల లెక్కలో ఉండేది. కొలత మారినా ఒక ప్రశ్న మాత్రం మారలేదు. ఇంటి పెద్ద కన్నుమూసిన తర్వాత, అప్పులూ వసీయత్తూ తీర్చగా మిగిలిన ఆస్తిలో ఎవరి వాటా ఎంత? ముస్లిం కుటుంబాలలో ఈ ప్రశ్నకు ఖుర్ఆన్ నాలుగవ సూరాలోని 11, 12 ఆయతులు భిన్నాలలోనే సమాధానం చెప్పాయి. సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు, మూడో వంతు, ఆరో వంతు. వీటిని ఆస్తికి వర్తింపజేసే శాస్త్రానికే ఇల్మె ఫరాయిజ్ అని పేరు. ధర్మశాస్త్రంలో ఇది ఒక భాగమే అయినా, దీని లోపల ఉన్నది మాత్రం చిన్న పిల్లవాడు నేర్వవలసిన కూడికలు, భాగహారాలే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన ఒక ఎకరం విడిచి మరణించాడు. భార్య, ఒక కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. సంతానం ఉన్నది గనుక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 5 గుంటలు. మిగిలిన 35 గుంటలలో కుమారునికి రెండు పాళ్ళు, ఒక్కొక్క కుమార్తెకు ఒక పాలు. కుమారునికి పదిహేడున్నర గుంటలు, ఒక్కొక్క ఆడపిల్లకు ఎనిమిది ముప్పాతిక గుంటలు. బడి ముఖం చూడని ముసలమ్మ కూడా వేళ్ళ మీద తేల్చగలిగిన లెక్క ఇది. ఎందుకంటే ఇందులో ఉన్నవన్నీ సగం, సగంలో సగం, అందులో మళ్ళీ సగం.

తెలుగువారి పాత లెక్కల చదువు సరిగ్గా ఈ సగాల మీదనే నిలిచింది. ఒకటిలో నాలుగో వంతు కాలు, రెండు కాళ్ళు అర, మూడైతే ముక్కాలు లేక ముప్పాతిక. కాలులో నాలుగో వంతు వీసం, అంటే పదహారో వంతు. రెండు వీసాలు పరక. వీసంలో నాలుగో వంతు కాని, అంటే అరవై నాలుగో వంతు. ఇలా నాలుగేసి వంతులుగా దిగుతూ పోతుంది. వీటికి రాతలో ప్రత్యేక సంకేతాలు కూడా ఉండేవి. కాలుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పాతికకు మూడు. వీసాల మెట్టులో గీతలు అడ్డంగా మారతాయి. కానుల మెట్టులో మళ్ళీ నిలువు. మెట్టు ఖాళీ అయితే హళ్ళి. పదేసి మెట్ల మీద నడిచే అంకెల ప్రక్కనే, నాలుగేసి మెట్ల మీద నడిచే ఈ భిన్నాలు శతాబ్దాల పాటు మన దస్త్రాలలో కాపురం చేశాయి. రూపాయికి 16 అణాలు కావడం వల్ల అణా అంటే వీసమే, బేడ అంటే పరకే, పావలా అంటే కాలే. నాలుకకూ సంచికీ ఒకే లెక్క. సంతానం గల భర్త చనిపోతే భార్యకు వచ్చే ఎనిమిదో వంతు కూడా పరకే కావడం గమనార్హం. షరీఅత్ వాటాకు తెలుగులో ముందుగానే పేరున్నది!

ఈ ఎక్కాలు పిల్లలకు ఎలా పట్టుబడేవో మనకు తెలిపే పాత పత్రాలలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదిక ముఖ్యమైనది. తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ రాసిన క్యాంబెల్ ఈయనే. అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న నాటి బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నట్లు ఆయన లెక్క కట్టాడు. ఆ బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి, 21 పారశీకానివి. ముస్లిం పిల్లలు 243 మంది. ఆడపిల్లలు జిల్లా మొత్తానికి 60 మంది. వాటా లెక్క ఆడవారి పక్షాన ఎంత స్పష్టంగా ఉన్నా, దాన్ని సరిచూసుకునే విద్య వారికి అందలేదనడానికి ఈ ఒక్క సంఖ్య చాలు. పిల్లవాడు ఇసుకలో వేలితో అక్షరం దిద్ది, పెద్ద పిల్లల వెంట గొంతు కలిపి ఎక్కాలు వల్లించి, సొమ్ము, తూనిక, కొలతల లెక్కలు కంఠస్థం చేసేవాడు. దక్కనులో ఉర్దూ చదివిన ఇండ్లలో ఇవే పహాడేలు. పౌనా, సవా, డేఢ్, ఢాయీ అంటూ ముప్పాతికకూ, ఒకటింపావుకూ, ఒకటిన్నరకూ, రెండున్నరకూ వేరు వేరు ఎక్కాలుండేవి. బట్టీ చదువని మనం ఈసడించవచ్చు. కాని సంతలో కాగితం లేకుండా నిలబడవలసిన మనిషికి అంతకన్న అక్కరకు వచ్చే చదువు ఏమున్నది?

అయితే పై ఉదాహరణలో చనిపోయినాయన తల్లి కూడా బ్రతికి ఉన్నదనుకుందాం. తల్లికి ఆరో వంతు. ఇక్కడికి వచ్చేసరికి కాలు, పరక, వీసం చేతులెత్తేస్తాయి. ఆరో వంతును నాలుగేసి మెట్లలో చెప్పబోతే ఒక పరక, రెండు కానులు, ఆ కింది మెట్టులో మళ్ళీ రెండు, ఆ కింద మళ్ళీ రెండు. ఇలా ఎంత దిగినా తెగదు. దీన్ని తేల్చాలంటే సగాలు విడిచి పాళ్ళకు రావాలి. ఆరుకూ ఎనిమిదికీ పొందే సంఖ్య 24. అందులో తల్లికి 4, భార్యకు 3, మిగిలినవి 17. ఆ 17ను నాలుగు పాళ్ళు చేయాలి గనుక మొత్తాన్ని 96 పాళ్ళు చేస్తే తల్లికి 16, భార్యకు 12, కుమారునికి 34, ఒక్కొక్క కుమార్తెకు 17 పాళ్ళు. ఎకరానికి 4,840 గజాలు. తొంభై ఆరు పాళ్ళకు 4,840 అయితే పదిహేడు పాళ్ళకు ఎంత? సుమారు 857 గజాలు. మూడు తెలిసిన రాశుల నుండి నాలుగవ దాన్ని తీసే ఈ పద్ధతే త్రైరాశికం.

కుటుంబానికి పరాధీనత మొదలయ్యే చోటు ఇదేనని నా అభిప్రాయం. సగాల లెక్క ఇంట్లోనే తేలుతుంది. ఆరో వంతు వచ్చిందంటే మౌల్వీ గారి వద్దకో, పట్వారీ వద్దకో పోవాలి. వారు చెప్పిన సంఖ్యను నమ్మాలి. పట్వారీల మీద ఎన్ని కథలున్నాయో పాఠకులకు చెప్పనక్కరలేదు!

త్రైరాశికం తెలుగులో కొత్తది కాదు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, 9వ శతాబ్దంలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన 11వ శతాబ్ద ప్రాంతంలో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మూలంలోని జైన ప్రస్తావనలను తీసి శైవ ప్రస్తావనలు పెట్టినా లెక్కలను వదలలేదు. దాదాపు అదే కాలంలో మహమూద్ గజ్నవీ ఆస్థానంలో ఉన్న అబూ రైహాన్ అల్ బీరూనీ భారతీయుల త్రైరాశికాన్నీ, దాని పై మెట్లయిన పంచరాశి వగైరాలనూ వివరిస్తూ అరబీలో ఒక లఘు గ్రంథం రాశాడు. దాని పేరులోనే ‘రాశికాత్ అల్ హింద్’ అన్నాడు. మన రాశికమే అరబీ బహువచనం ధరించింది! ఆ గ్రంథం 1948లో బీరూనీ రసాయిల్ సంపుటంలో అచ్చయింది. అచ్చు వేసినది హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్. 1888లో స్థాపితమై, తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో కుదురుకున్న ఆ సంస్థ బడంగ్‌పేట్‌కు కొద్ది మైళ్ళ దూరంలోనే ఉన్నది. ఊరివారు త్రైరాశికం కోసం పట్వారీ గడప తొక్కుతున్న రోజులలోనే, అదే త్రైరాశికం మీద తొమ్మిది వందల ఏండ్ల నాటి అరబీ గ్రంథం వారి పొరుగున ముద్రణకు సిద్ధమవుతున్నదన్న మాట. పండితుల అరబీకీ పల్లె తెలుగుకూ నడుమ ఎవరూ వంతెన వేయలేదు.

బాగ్దాదులో మాత్రం ఒకప్పుడు ఆ వంతెన పడింది. 8వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఖలీఫా మన్సూర్ ఆస్థానానికి భారతీయ ఖగోళ విద్య చేరింది. 825 ప్రాంతంలో ముహమ్మద్ ఇబ్ను మూసా అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్క చేసే విధానాన్ని పుస్తకంగా రాశాడు. దాని అరబీ మూలం నశించినా లాటిన్ అనువాదం నిలిచింది. ఆయన బీజగణిత గ్రంథం పేరు ప్రపంచమంతా ఎరుగును గాని, అందులో సుమారు సగం వసీయత్తుల, వారసత్వాల లెక్కలేనన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. వాటాలు పంచవలసిన అవసరమే ఆ శాస్త్రానికి అంత పెద్ద అభ్యాసాన్ని ఇచ్చింది.

అంకెలు వచ్చినంత మాత్రాన అందరూ వాటిని పట్టుకోలేదు. 10వ శతాబ్దంలో అబుల్ వఫా దీవానీ గుమాస్తాల కోసం రాసిన లెక్కల పుస్తకంలో భారతీయ అంకెలే లేవు. అంతా మాటలలో, వేళ్ళ లెక్కలో నడిచింది. గుమాస్తాకు అలవాటైనది అదే మరి. 952 ప్రాంతంలో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ మరొక అడుగు వేశాడు. అంతవరకు భారతీయ లెక్కను ధూళి పరచిన పలక మీద చేసి, అంకెలు చెరుపుతూ పోయేవారు. వీధి జ్యోతిష్కుల చేతిలో కనబడే ధూళి పలక మర్యాదస్తులకు తగదనీ, సిరాతో కాగితం మీద చేస్తే లెక్క మొత్తం కళ్ళ ఎదుట నిలుస్తుందనీ ఆయన వాదించాడు. చెరపని లెక్కను రెండో మనిషి సరిచూడగలడు. వాటాల విషయంలో ఇది చిన్న మాట కాదు.

మన దక్కను దస్త్రాలు మాత్రం చాలా కాలం గుమాస్తాల దారినే నడిచాయి. సొమ్ము మొత్తాలను రఖంలో రాసేవారు. దీన్నే సియాఖ్ అంటారు. అరబీ సంఖ్యా పదాలనే ముడిచి, కుదించి చేసిన గుర్తులవి. ఒకట్లకు ఒక వరుస గుర్తులు, పదులకు మరొక వరుస, వందలకు, వేలకు వేరు వరుసలు. స్థానవిలువ లేదు. వీటితో కూడిక, గుణకారం చేయడం కుదరదు. లెక్క నోటితో చేసి, ఫలితాన్ని మాత్రం రఖంలో దించేవారు. ఒక సున్న చేర్చి పదిని వంద చేసే మోసం ఇందులో సాగదు. అది మేలే. కాని నేర్చినవారికి తప్ప ఇతరులకు అది చదవరాదు. నిజాం రాజ్యంలో ఇది 20వ శతాబ్దం మధ్య వరకు వాడుకలో ఉండెను. ఎక్కం నోటికి వచ్చిన రైతు కూడా తన రశీదు మీద ఎంత రాశారో చెప్పలేని స్థితి! అయినా ఆ పదజాలం మన ఇంట్లోకి వచ్చింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రఖం అనకుండా తెలంగాణలో ఒక పద్దు చెప్పగలమా?

ఆరో వంతు హైదరాబాదు వారిని మరొక వైపు నుండి కూడా పట్టుకున్నది. నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా వేరు, బ్రిటిషు వారి కల్దారు వేరు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు మారకం. వంద కల్దార్లకు ఎన్ని హాలీలని అడిగితే 116 రూపాయల 10 అణాల 8 పైలు. అణాకు 12 పైలు ఉన్నందువల్లనే ఈ లెక్క తెగింది. రూపాయిలో ఆరో వంతు 2 అణాల 8 పైలు అవుతుంది. బొంబాయి నుండి సొమ్ము వచ్చే ఇంటి పిల్లవాడు త్రైరాశికం తప్పక నేర్వవలసి వచ్చేది.

1950లలో హాలీ పోయింది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి వంద నయాపైసలయ్యాయి. తర్వాత సేర్లూ మణుగులూ వెళ్ళి కిలోలు వచ్చాయి. వీసం, పరక ఎక్కాలు బడి నుండి సెలవు పుచ్చుకున్నాయి. నూటిని ఆరుతో భాగిస్తే తెగదు. పదహారు తర్వాత ఆరులు వస్తూనే ఉంటాయి. కాని దశాంశ పద్ధతిలో ఆ తెగని చోటు ఎదుట కనబడుతుంది. ఎక్కడ ఆపాలో మనిషి నిర్ణయించుకోవచ్చు. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. పాత తెలంగాణ భూమికి నేటికీ ఆధారంగా చూపే 1954-55 ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉండటం వల్ల, దాన్ని చదివించుకోవడానికి మనుమలు ఇప్పటికీ ఎవరినో వెదుక్కోవలసి వస్తున్నది. రఖం గుర్తులకు 2018లో యూనికోడ్‌లో స్థానం దొరికింది.

నేడు బడంగ్‌పేట్‌లో ఎకరం మిగిలిన ఇండ్లు తక్కువ. రెండు వందల గజాల ఇల్లొక్కటే ఆస్తి అనుకుందాం. అదే తల్లి, అదే భార్య, అదే పిల్లలు. తల్లికి 33 గజాల మీద మూడో వంతు, భార్యకు 25, కుమారునికి 70 ముప్పాతికకు కొంచెం ఎక్కువ, ఒక్కొక్క కుమార్తెకు 35 మీద ముప్పాతికకు తక్కువ, పావుకు ఎక్కువ. ముప్పై అయిదు గజాలలో గోడ కట్టలేరు గనుక వెల కట్టి సొమ్ముగా ఇస్తారు. అప్పుడు మొదటి రాశి 96, రెండవ రాశి ఇంటి వెల, మూడవది 17. ఆ ఆడపిల్ల పలక మీదో, ఫోను మీదో ఆ మూడు సంఖ్యలు తానే వేసుకోవచ్చు.