గొంగడి కింద యేముంది?

మనిషి భుజాన వేలాడే సంచిని చూసి, తలకు చుట్టిన తువ్వాలును చూసి, కప్పుకున్న గొంగడిని చూసి అతని దగ్గర పిస్తోలు వున్నదీ లేనిదీ చెప్పవచ్చునా? ప్రశ్న చిన్నది. పోలీసు శిక్షణకు సంబంధించిన సంగతిలా కనిపిస్తుంది. చరిత్రకూ సాహిత్యానికీ దీనితో పని యేమిటని అడిగేవారు కూడా వుండవచ్చు. కాని ఖమ్మం నుంచి భద్రాచలం దాకా పరుచుకున్న అడవి అంచున మూడు తరాలుగా యీ ప్రశ్నకు అధికారులు చెప్పుకున్న జవాబుల వల్ల మనుషులు దెబ్బలు తిన్నారు, ఊళ్లు ఖాళీ అయ్యాయి, ప్రాణాలు పోయాయి. కనుక ఆ జవాబులను పరీక్షించి చూడటం మన పని.

కొన్నేళ్ల క్రితం భద్రాచలం నుంచి చర్ల వైపు వెళ్లే బస్సులో ప్రయాణం చేస్తున్నాను. దారిలో తనిఖీకి బస్సు ఆపారు. నా భుజాన గుడ్డసంచి వుంది. అందులో పరీక్ష పేపర్ల కట్ట, టిఫిను డబ్బా. మూడు కిలోలకు తక్కువ తూగదు. యేదైనా దాచదలచుకుంటే చోటుకు కొదవ లేదు. జవాను దాని వంక చూడనైనా లేదు. "మీరు కూర్చోండి సార్" అన్నాడు. నా వెనక సీటులో వున్న గుత్తికోయ కుర్రవాణ్ణి మాత్రం కిందికి దించి, అతని సంచిని రోడ్డుమీద బోర్లించాడు. రెండు చొక్కాలు, ఉప్పు పొట్లం, కొన్ని యెండుచేపలు, టార్చిలైటుకు వేసే నాలుగు సెల్లులు పడ్డాయి. "ఇన్ని సెల్లులు యెందుకురా?" అని గద్దించాడు. కుర్రవాడికి తెలుగు సరిగా రాదు. తలవంచుకుని నిలబడ్డాడు. తన వూరికి కరెంటు లేదని అతని తరఫున చెప్పింది పక్క సీటులోని ముసలమ్మ. నేను చెప్పలేదు. నాకు తెలియకపోవటం ఒక కారణం. నోరు రాకపోవటం రెండో కారణం.

ఆ రోజు నుంచి యీ ప్రశ్న నన్ను వదలలేదు. తనిఖీ చేసినవాడు సంచిని చూశాడా, మనిషిని చూశాడా?

ముందుగా వస్తువు సంగతి చూద్దాం. పిస్తోలు బరువైన సరుకు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యం వాడిన వెబ్లీ రివాల్వరు కిలోకు పైగా తూగేది. పల్చటి లాల్చీ జేబులో వేస్తే జేబు సాగుతుంది. బొడ్లో దోపుకుంటే పంచె ముడి దగ్గర ఉబ్బు కనిపిస్తుంది. కాబట్టి ఆయుధం తన ఆనవాలు బయటపెడుతుందన్న మాట పూర్తిగా అబద్ధం కాదు. అయితే అదే ఆనవాలును వడ్రంగి సుత్తి బయటపెడుతుంది, కిలో బియ్యం బయటపెడుతుంది, సంతకు మోసుకుపోయే ఇప్పపూల మూట బయటపెడుతుంది. లోపల యేదో వుందని మాత్రమే ఉబ్బు చెబుతుంది. అది యేమిటో నిర్ణయించేది చూసేవాడి మనస్సు.

యీ చూపు యెంతవరకు నమ్మదగినదో లెక్కకట్టిన చోటు ఒకటుంది. న్యూయార్క్ నగర పోలీసులు 2004 జనవరి నుంచి 2012 జూన్ దాకా 44 లక్షలకు పైగా సార్లు జనాన్ని దారిలో ఆపి ప్రశ్నించారు. ఆపిన కారణం నమోదు చేసే ఫారంలో 'అనుమానాస్పదమైన ఉబ్బు' అనేది ఒక గడి. ఫ్లాయిడ్ కేసులో 2012లో న్యాయమూర్తి షీరా షైండ్లిన్ ఇచ్చిన ఉత్తర్వులో ఒక లెక్క వుంది: ఆ ఉబ్బును కారణంగా చూపి ఆపిన ప్రతి 69 సార్లకు దొరికింది ఒక్క తుపాకి. శిక్షణ పొందిన కళ్లు, అదీ ఉబ్బును ప్రత్యేకంగా గమనించిన కళ్లు, 69లో 68 సార్లు పొరబడ్డాయన్నమాట. 2013 నాటి తీర్పు మరొక సంగతి బయటపెట్టింది. ఆపినవారిలో నల్లవారు 52 శాతం, తెల్లవారు 10 శాతం. ఆయుధం దొరికింది నల్లవారి విషయంలో 1.0 శాతం తనిఖీల్లో, తెల్లవారి విషయంలో 1.4 శాతం తనిఖీల్లో. యెవరిని యెక్కువగా అనుమానించారో వారి దగ్గరే తక్కువగా దొరికింది. అంటే ఆ కళ్లు ఉబ్బుకంటే ముందు చర్మాన్ని చూశాయి.

మన దేశంలో యీ చూపు చట్టంలోకి యెక్కింది 1878లో. ఆ యేడు వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం రెండు చట్టాలు చేసింది. దేశభాషా పత్రికల చట్టం మన నోరు కట్టింది. ఆయుధాల చట్టం చేతులు కట్టింది. భారతీయుడు తుపాకి పట్టాలంటే లైసెన్సు కావాలి, యూరోపియనుకు మినహాయింపు. అంటే దొర తుపాకిని దాచవలసిన పని లేదు. దాచటమనే అవసరమూ, దాచాడనే అనుమానమూ మనవాళ్లకే మిగిలాయి. అనుమానం కలిగించే రీతిలో ఆయుధం తీసుకుపోతున్నవాణ్ణి వారంటు లేకుండానే పట్టుకోవచ్చునని ఆ చట్టంలో 12వ సెక్షను చెప్పింది. స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసుకుంది. జాతి భేదాన్ని తీసివేసింది. అది మెచ్చదగిన పని. కాని ఆ అనుమానపు వాక్యం ఇంచుమించు అదే రూపంలో 20వ సెక్షనుగా మిగిలిపోయింది. యే రీతి అనుమానం కలిగిస్తుంది, యెవరికి కలిగిస్తుంది అన్నది అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

ఇక గోదావరికి ఇవతలి ఒడ్డుకు, నిజాం రాజ్యానికి వద్దాం. ఇక్కడ తుపాకులు గడీలలో వుండేవి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్న తుపాకిని యెవరూ గొంగడి కింద దాచి తేలేదు. దేశ్‌ముఖు మనుషుల చేతుల్లో అది బాహాటంగానే వుంది. రజాకార్లు తుపాకులతో ఊళ్లమీద పడిననాడు కూడా వాళ్ల సంచులు తడిమినవాడు లేడు. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం యెల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. వడిసెలతో, రోకలితో మొదలైన జనం దొరల తుపాకులనే గుంజుకుని దళాలు కట్టారు. ఆయుధాన్ని దాచవలసిన అవసరం అప్పుడు వచ్చింది.

దేనితో దాచారు? కురుమలు నేసిన నల్లగొంగడితో. అది వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. గొర్రెలకాపరికీ రైతుకూ పాలేరుకూ అదే ఆస్తి. దళసభ్యుడు దాన్ని కప్పుకున్నది అది మహాద్భుతమైన మారువేషం గనుక కాదు. ఊరంతా కప్పుకున్నది గనుక. ఆడవాళ్లు కబుర్లు చేరవేసినప్పుడూ అంతే. గంప నెత్తిన పెట్టుకుని పోయే ఆడమనిషి పల్లెదారిలో యెవరికీ వింత కాదు.

అసలు కీలకం యిక్కడే వుంది. దాచటానికి పనికివచ్చేది అందరి దగ్గరా వుండే వస్తువు. అందరి దగ్గరా వుండే వస్తువు యే ఒక్కరినీ పట్టి ఇవ్వలేదు. దాన్నే ఆనవాలుగా తీసుకుంటామని మొండికేస్తే మిగిలే దారి ఒక్కటే: అందరినీ అనుమానించటం.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చి నిజాంను లొంగదీసుకున్న తర్వాత దళాలు మైదానాలు వదిలి పాల్వంచ, యిల్లెందు అడవుల్లోకి తరలినప్పుడు జరిగింది అదే. కోయవాడి భుజాన గొడ్డలి వుంటుంది, చేత విల్లు వుంటుంది, నడుముకు సొరబుర్ర వేలాడుతుంది. అవి లేకుండా అడవిలో బతకలేడు. సొరబుర్రలో అంబలి తనకా, దళానికా? తట్టలో జొన్నలు ఇంటికా, గుట్టమీదికా? వస్తువు జవాబు చెప్పదు. జవాబు రాబట్టలేని అధికారం కోయగూడేలనే పెకలించి, జనాన్ని సైనిక కాపలాలోని శిబిరాలకు తోలింది. మలయాలో బ్రిటిషువారు 1950లో అమలుపెట్టిన బ్రిగ్స్ పథకం తీరు కూడా యిదే. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. కాని సంచిని అనుమానించటం మొదలుపెట్టినవాడు చివరకు జాతిని బంధిస్తాడన్న పాఠం మిగిలింది.

దీనికి మరొక పార్శ్వాన్ని బెంగాల్ విప్లవకారులు చూపించారు. 1930 డిసెంబరు 8న వినయ్, బాదల్, దినేశ్ కలకత్తా రైటర్స్ బిల్డింగులోకి దొరల వేషంలో, సూటూబూటుతో నడిచి వెళ్లి సింప్సన్‌ను కాల్చారు. 1932 ఫిబ్రవరి 6న బీనాదాస్ పట్టభద్రుల గౌను కింద రివాల్వరు పెట్టుకుని విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో గవర్నరు జాక్సన్‌పై కాల్పులు జరిపింది. వ్యక్తుల హత్య విముక్తి మార్గం కాదన్న మన వైఖరి యిక్కడ మారదు. గమనించవలసింది వేరు. కోటు, గౌను యెవరి ఆనవాళ్లు? పాలకులవి, చదువుకున్నవారివి. అనుమానానికి వర్గం వున్నదని ఆ యువకులకు తెలుసు. ఆ గుడ్డితనంలో నుంచే దారి చేసుకున్నారు. గొంగడిని తడిమే చేయి కోటుకు సలాం కొట్టింది. బస్సులో నా గుడ్డసంచికి దక్కిన మర్యాద కూడా అలాంటిదే.

1970 తర్వాత యీ తర్కం తలకిందులైంది. అంతకుముందు వస్తువును చూసి తుపాకి వుందనుకునేవారు. యిప్పుడు మనిషి చచ్చిపోయిన తర్వాత వస్తువులను చూపి తుపాకి వుండేదనటం మొదలైంది. శవం పక్కన ఒక తపంచా, ఒక కిట్‌బ్యాగు, కొన్ని కరపత్రాలు. పత్రికా ప్రకటనలో ఆ మూడు మాటలు పడ్డాక మరే విచారణా అవసరం లేనట్టే వుండేది. అత్యవసర పరిస్థితి ముగిశాక 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లను ప్రశ్నించటంతో ఆ ప్రకటనల పరువు బజారున పడింది. మన సరిహద్దుకు ఆవల బీజాపూర్ జిల్లా సార్కెగూడలో 2012 జూన్ 28 రాత్రి సమావేశమైన ఆదివాసులపై కాల్పులు జరిపి 17 మందిని చంపారు. వారు మావోయిస్టులని అప్పుడు చెప్పారు. అందుకు సంతృప్తికరమైన సాక్ష్యం లేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ తేల్చింది. ఆ నివేదిక వెలుగు చూసింది 2019లో. చచ్చినవారికి ఏడేళ్ల తర్వాత వచ్చిన మాట అది.

అయితే తనిఖీలే వద్దంటారా అని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. యీ అడవుల్లో ఆయుధాలు దాచి తిరిగిన మాట నిజం. తుపాకికీ మందుపాతరకూ బలైన కానిస్టేబుళ్లలో పేదరైతు బిడ్డలున్న మాటా నిజం. వారి ప్రాణం చౌక అని యెవరూ అనలేరు. కాని 69లో 68 సార్లు పొరబడే పద్ధతి వారినీ కాపాడదు. అది కుర్రవాడి సెల్లుల దగ్గర ఆగిపోతుంది. నా సంచి దగ్గర మర్యాదగా తప్పుకుంటుంది. మనిషి చేసిన పని, అందిన కచ్చితమైన సమాచారం, రాతపూర్వకంగా నమోదైన కారణం — తనిఖీకి ఆధారం యివి కావాలి. కట్టుబట్ట కారాదు, భాష కారాదు, కులం కారాదు.

మనం కూడా ఆత్మవిమర్శ చేసుకోవాలి. మన కథల్లో, నాటకాల్లో గొంగడి కప్పుకున్న మనిషి రంగంమీదికి రాగానే దళం వచ్చిందని ప్రేక్షకుడు గ్రహించేటట్టు యెన్ని సార్లు రాయలేదు! ప్రేమతోనే రాశాం. కాని పోలీసు ద్వేషంతో చదివిన గుర్తునే మనం ఆరాధనతో చదివాం. రెండు చోట్లా గొంగడి కింది మనిషి కనపడలేదు. ఆ గొంగడి యెవరు నేశారు, యెంతకు కొన్నారు, వానాకాలం రాత్రి అది తడిస్తే యెంత బరువు, దాన్ని కప్పుకున్నందుకే దెబ్బలు తిన్న గొర్రెలకాపరి పేరేమిటి — ఇవి మన చరిత్రలో యింకా రాయవలసే వున్నాయి.

విద్యార్థులు యీ పని చేయగలరు. శిబిరాల కాలం నాటి కబుర్లు విని పెరిగినవారు పాల్వంచ, యిల్లెందు పల్లెల్లో యింకా వున్నారు. వారి దగ్గర కూర్చుని అడగండి: తనిఖీలో సంచి బోర్లించినప్పుడు యేం పడింది? ఆ జాబితా రాసి పెట్టండి. ఉప్పు, చొక్కా, యెండుచేపలు, సెల్లులు అని వస్తుంది. మన ప్రాంతపు పేదరికానికి అంతకన్న నిజమైన లెక్క వేరే దొరకదు.