సీపీ: ఏమీ అడగని రెండక్షరాల కమాండ్

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక చిన్న కమాండ్ కథ చెప్తాను. దాని పేరు సీపీ. ఇంగ్లీషులో కాపీ అనే మాటలోంచి రెండక్షరాలు మాత్రం ఉంచారు, అంతే. నల్ల తెర మీద సీపీ అని కొట్టి, ఉన్న ఫైలు పేరు, తర్వాత అది ఎక్కడికి వెళ్లాలో రాసి ఎంటర్ నొక్కితే చాలు, కాపీ అయిపోతుంది. ఇంత చిన్నదానికి ఒక ఎపిసోడ్ ఎందుకంటే, దీనితోనే నేను మా తాతయ్య గొంతు పోగొట్టుకున్నాను.

మా తాతయ్యది దివిసీమ. 1977 నవంబర్‌లో వచ్చిన ఉప్పెనని కళ్లారా చూసిన మనిషి. ఆయన కబుర్లు నా ఫోన్‌లో 11 రికార్డింగులు, మా బాబాయి ఫోన్‌లో ఇంకో 7 ఉండేవి. తాతయ్య పోయాక అన్నీ ఒకచోట దాచుదామని ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ చేశాను. ముందు నావి సీపీ చేశాను, తర్వాత బాబాయివి. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. హమ్మయ్య అనుకుని నా ఫోన్ మొత్తం చెరిపేసి వేరేవాళ్లకి ఇచ్చేశాను.

సంవత్సరీకం రోజు అందరూ కూర్చుని పెట్టమన్నారు. చూస్తే ఫోల్డర్‌లో 18 ఉండాల్సింది 11 ఉన్నాయి. రెండు ఫోన్లూ ఒకే పేర్లు పెట్టాయి: రికార్డింగ్ 1, రికార్డింగ్ 2, అలా. నా మొదటి ఏడింటి మీదా బాబాయివి వచ్చి కూర్చున్నాయి. ఉప్పెన రాత్రి గురించి తాతయ్య చెప్పింది నా మూడోది. దాన్ని నొక్కితే ఆవకాయ గురించి ఇంట్లో జరిగిన గొడవ వినపడింది.

ఆ రోజు నాకు వచ్చిన ప్రశ్న ఒకటే. అదే పేరుతో ఫైలు ఉందని తెలిసి కూడా ఇది నన్ను ఒక్క మాట ఎందుకు అడగలేదు? దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సొచ్చింది.

1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. 1971 నవంబర్ 3 తేదీతో ఉన్న దాని మొదటి మాన్యువల్‌లోనే సీపీ ఉంది. అప్పుడు వాళ్ల ముందు ఉన్నది మన లాంటి స్క్రీన్ కాదు. టెలిటైప్ అనే యంత్రం. టైప్ మిషన్ లాగా కాగితం చుట్ట మీద కొడుతుంది. ఆ రోజుల్లో బాగా వాడిన మోడల్ 33 వేగం ఎంతో తెలుసా? సెకనుకి 10 అక్షరాలు. మీరు వాట్సాప్‌లో పంపే చిన్న మెసేజ్ అచ్చవడానికే నాలుగైదు సెకన్లు పడుతుంది.

అలాంటి చోట ప్రతి అక్షరానికీ ఖరీదు ఉంటుంది. అందుకే కాపీకి సీపీ, మూవ్‌కి ఎంవీ, రిమూవ్‌కి ఆర్ఎం. పని సరిగ్గా జరిగితే ఏమీ మాట్లాడకూడదన్నది యూనిక్స్ ఆచారం అయింది. దాన్ని వాడేవాళ్లు కూడా దాన్ని తయారుచేసినవాళ్లూ, వాళ్ల పక్క గదుల్లోవాళ్లే. ఏం టైప్ చేస్తున్నామో వాళ్లకి తెలుసు.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూడండి. సీపీ ముందు పాత ఫైలుని చదవడానికి తెరుస్తుంది. తర్వాత కొత్త పేరుతో ఫైలు తయారుచెయ్యమని సిస్టమ్‌ని అడుగుతుంది. ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే? సిస్టమ్ దాన్ని సున్నాకి ఖాళీ చేసి చేతికిస్తుంది. అంటే కాపీలో మొదటి బైట్ రాయకముందే అక్కడున్నది పోయింది. రీసైకిల్ బిన్ లేదు, అన్‌డూ లేదు. ఆ తయారుచేసే కాల్ పేరు క్రియేట్. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో చివరి ఈ అక్షరం కూడా వదిలేశారు. యూనిక్స్ మళ్లీ రాస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ఈ అక్షరం పెడతానని థాంప్సన్ అన్నారని చెప్పుకుంటారు.

మొదట్లో సీపీకి ఫోల్డర్లు కాపీ చెయ్యడం కూడా రాదు, ఒక్కో ఫైలే. 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో టార్ వచ్చింది. టేపుల్లో మూట కట్టి దాచడానికి చేసిన ప్రోగ్రామ్ అది. ఒక టార్‌తో ఫోల్డర్‌ని మూట కట్టి, ఆ మూటని పైపు గుండా ఇంకో టార్‌కి అందించి, కావాల్సిన చోట విప్పించేవాళ్లు. తర్వాత 1980ల్లో బర్క్‌లీ యూనిక్స్‌లో సీపీకి రెండు ముఖ్యమైన గుర్తులు దొరికాయి. మైనస్ ఆర్ పెడితే ఫోల్డర్ లోపలున్నవన్నీ వస్తాయి. మైనస్ ఐ పెడితే, అదే పేరుతో ఫైలు ఉన్నప్పుడు మీద రాయమంటారా అని అడుగుతుంది.

అంటే నా ప్రశ్నకి జవాబు నేను పుట్టకముందే ఉంది! కాకపోతే మనం అడగమంటేనే అడుగుతుంది. మామూలుగా కొడితే 1971లో లాగే మౌనం. దానికీ కారణం ఉంది. మనిషి లేకుండా నడిచే స్క్రిప్టులు ఎన్నో సీపీ మీద ఆధారపడ్డాయి. మధ్యలో ప్రశ్న వేస్తే జవాబు చెప్పేవాళ్లు ఉండరు, పని ఆగిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు 1993లో ఎంఎస్ డాస్ 6.2లో ఇంకో దారి పట్టారు. చేత్తో టైప్ చేస్తే కాపీ కమాండ్ అడుగుతుంది, బ్యాచ్ ఫైల్లోంచి నడిస్తే అడగదు.

ఇదంతా పాత కంప్యూటర్ల గోల అనుకోకండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్ కింద ఉన్నది లినక్స్. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్లలో కమాండ్ లైన్‌కి అసలు సీపీ ఇవ్వలేదు, క్యాట్ అనే కమాండ్‌తో ఫైలుని చదివించి ఇంకో ఫైల్లో పోయించేవాళ్లు. 2015లో ఆండ్రాయిడ్ 6తో టాయ్‌బాక్స్ అనే పనిముట్ల పెట్టె వచ్చింది. అందులో సీపీ ఉంది. అదే మౌనంతో మీ జేబులో ఉంది.

ఇంకో కథ. 1998లో పిక్సార్‌లో టాయ్ స్టోరీ 2 తయారవుతోంది. ఎవరో ఆర్ఎం కమాండ్ తప్పు చోట కొట్టారు. ఓరెన్ జేకబ్ అనే టెక్నికల్ డైరెక్టర్ చూస్తుండగానే ఉడీ బొమ్మ ఫైళ్లు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. సినిమాలో దాదాపు 90 శాతం పోయింది. బ్యాకప్ ఉంది కదా అని తీస్తే, అది సరిగ్గా పనిచెయ్యడం లేదని అప్పుడు తెలిసింది. కాపాడింది గేలిన్ సుస్మన్. ఆవిడకి అప్పుడే బిడ్డ పుట్టింది, ఇంటి నుంచి పనిచెయ్యడానికి కంప్యూటర్‌లో సినిమా కాపీ పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ని దుప్పట్లలో చుట్టి కారులో ఆఫీసుకి తెచ్చారు.

నాకు అంత అదృష్టం లేదు. అడగ్గా అడగ్గా మా చెల్లి ఫోన్‌లో ఒక రికార్డింగ్ దొరికింది, అప్పట్లో నేనే పంపానట. ఉప్పెన రాత్రిది కాదు. తాతయ్య పెళ్లిచూపుల కథ. మిగతా ఆరూ రాలేదు.

అందుకని ఇప్పుడు మూడు పనులు చేస్తాను. ఒక్కో ఫోన్‌కీ వేరే ఫోల్డర్. చేత్తో కొట్టే ప్రతి సీపీకీ మైనస్ ఐ. చివరగా, అసలైనది చెరిపేముందు కాపీలో ఎన్ని ఫైళ్లున్నాయో లెక్కపెట్టి, రెండు మూడు తెరిచి వింటాను. ఆ రోజు 18 వరకూ లెక్కపెట్టి ఉంటే ఒక్క నిమిషం పట్టేది.

మీ ఇంట్లో కూడా తాతయ్యో అమ్మమ్మో మాట్లాడిన రికార్డింగులు ఉంటే, ఈ వీడియో అయిపోగానే అవి ఎక్కడున్నాయో ఒకసారి తెరిచి చూసుకోండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.