గోల్‌పోస్టు నుంచి టీవీ తెర దాకా



ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, పింఛను నిబంధనల మీద రాయమంటారేమో అనుకున్నాను. "అవి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు ఫుట్‌బాల్ మీద రాయండి" అన్నారు. మా తరం హైదరాబాదు వాళ్లకు ఈ ఆట కొత్త కాదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు కోచ్ మన సయ్యద్ అబ్దుల్ రహీం. ఫైనల్లో గోలు కాపాడినవాడు హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. ఆ పేర్లు వింటూ పెరిగి, గోల్‌పోస్టుల మధ్య నిలబడాలని ముచ్చటపడిన కుర్రవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా ఈసారి ఇంగ్లండు గోల్‌కీపరు బాబ్ విల్సన్ చరిత్ర రాస్తున్నాను. ఎందుకో చివర మనవి చేస్తాను.

విల్సన్ 1941 అక్టోబరు 30న ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డులో పుట్టాడు. తల్లిదండ్రులు స్కాట్లండువారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఇంట ఇద్దరు పెద్ద కొడుకులు వైమానిక దళంలో పనిచేస్తూ చనిపోయారు. చిత్రమేమిటంటే, జర్మన్లతో జరిగిన యుద్ధంలో ఇద్దరు అన్నలను పోగొట్టుకున్న ఈ పిల్లవాడికి ఆరాధ్యుడు ఒక జర్మన్. యుద్ధఖైదీగా వచ్చి మాంచెస్టర్ సిటీ గోల్‌కీపరుగా స్థిరపడిన బెర్ట్ ట్రాట్‌మన్. ముందుకు దూసుకొచ్చే ఆటగాడి కాళ్ల మీదికి దూకి బంతిని పట్టుకోవడం ఆయన్ని చూసి నేర్చుకున్నదే.

బడిలో చదువుతుండగానే మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బు పిలిచింది. తండ్రి ఒప్పుకోలేదు. ఆట తగిన ఉద్యోగం కాదన్నాడు. మన ఇళ్లలో ఎన్నిసార్లు విన్న మాట! కొడుకు తండ్రి మాట విని లఫ్‌బరో కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు, లండనులో పంతులుగా పనిచేశాడు. బంతిని మాత్రం వదలలేదు. 1963లో జీతం లేని ఆటగాడిగానే ఆర్సెనల్ క్లబ్బులో చేరి, మరుసటి ఏడాది వృత్తి ఆటగాడయ్యాడు. ఆ తరువాత కూడా జిమ్ ఫర్నెల్ వెనుక నాలుగేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. స్థానం స్థిరపడింది 1968లో.

స్థానం దక్కగానే సుఖపడ్డాడని కాదు. 1969 మార్చిలో లీగ్ కప్ ఫైనల్లో మూడో డివిజన్ జట్టు స్విండన్ చేతిలో ఆర్సెనల్ 3-1తో ఓడిపోయింది. మొదటి గోలు విల్సనుకూ, తన జట్టు డిఫెండరుకూ మధ్య జరిగిన పొరపాటు వల్ల వచ్చింది. గోల్‌కీపరు పని మన గుమాస్తా పని వంటిది. వంద ఫైళ్లు సక్రమంగా పంపితే అడిగే నాథుడు ఉండడు. ఒక్క అంకె తప్పితే మెమో బల్ల మీదికి వస్తుంది.

అదే జట్టు 1970లో ఆండర్‌లెక్ట్‌ను ఓడించి ఫెయిర్స్ కప్ గెలిచింది. 1953 తరువాత ఆర్సెనల్‌కు దక్కిన మొదటి పెద్ద బహుమతి అది. మరుసటి ఏడాది లీగ్, ఎఫ్.ఎ. కప్ రెండూ గెలిచింది. ఆ ఏడు లీగ్ మ్యాచ్‌లు నలభై రెండింటిలోనూ విల్సనే గోల్‌కీపరు. 1971 మే 8న వెంబ్లీలో లివర్‌పూల్‌తో కప్ ఫైనల్. తొంభై నిమిషాలు ఎవరికీ గోలు రాలేదు. అదనపు సమయం మొదలవగానే స్టీవ్ హైవే ఎడమవైపు నుంచి దూసుకొచ్చాడు. బంతి మధ్యకు వేస్తాడనుకుని విల్సన్ ఒక అడుగు ముందే జరిగాడు. హైవే బంతిని విల్సనుకూ, దగ్గర పోస్టుకూ నడుమ ఉన్న సందులోంచి లోపలికి కొట్టాడు. లక్షమంది చూస్తుండగా జరిగిన తప్పు. మిగిలిన సమయంలో విల్సన్ రెండో గోలు పోనివ్వలేదు. ఆర్సెనల్ రెండు గోల్సు కొట్టి 2-1తో గెలిచింది. నిబంధన మారి, తల్లిదండ్రుల దేశం తరఫున ఆడే అవకాశం రావడంతో ఆ సంవత్సరమే స్కాట్లండు జట్టుకు రెండు మ్యాచ్‌లు ఆడాడు.

1972 ఏప్రిల్‌లో స్టోక్ జట్టుతో కప్ సెమీఫైనల్లో మోకాలు దెబ్బతింది. ఫైనల్ ఆడలేకపోయాడు. మళ్లీ మైదానంలోకి వచ్చినా, 1974లో ముప్ఫై రెండో ఏట ఆట విరమించుకున్నాడు. మనకు యాభై ఎనిమిదికి వచ్చిన రోజు ఆయనకు ముప్ఫై రెండుకే వచ్చిందన్నమాట. మన హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. అంతకు మూడేళ్ల ముందే విల్సన్ బీబీసీలో 'ఫుట్‌బాల్ ఫోకస్' అనే శనివారం కార్యక్రమానికి వ్యాఖ్యాతగా కూర్చున్నాడు. అప్పటికి ఆటగాళ్లు పక్కన కూర్చుని అభిప్రాయం చెప్పేవారే గాని, కార్యక్రమం నడిపించడం అరుదు. ఎదురుగా ఉన్నవాడికి అర్థమయ్యేలా విడమరచి చెప్పడం పంతులుకు అలవాటైన విద్య. తండ్రి పట్టుబట్టి చదివించిన చదువు అక్కడ అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం. ఇరవై ఏళ్లు బీబీసీలో, 1994 నుంచి 2002 వరకు ఐటీవీలో పనిచేశాడు. మరో పక్క 2003 వరకు ఆర్సెనల్ గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చాడు. పాట్ జెన్నింగ్స్, డేవిడ్ సీమన్ వంటివారు ఆయన దగ్గర సాధన చేసినవారే.

ఇంతటి మనిషికీ ఆపలేని దెబ్బ ఒకటి తగిలింది. నర్సుగా పనిచేసిన కూతురు అన్నా క్యాన్సరుతో ఏళ్లతరబడి పోరాడి, 1998 డిసెంబరు 1న, ముప్ఫై ఒకటో ఏట కన్నుమూసింది. మరుసటి ఏడాది విల్సన్, భార్య మెగ్స్ కలిసి విల్లో ఫౌండేషన్ స్థాపించారు. పదహారు నుంచి నలభై ఏళ్ల లోపు ఉండి, తీవ్రమైన జబ్బుతో బాధపడేవారికి, వారు కోరిన విధంగా ఒక మంచి రోజు గడిపే ఏర్పాటు చేయడం దాని పని. రోగం నయం చేయలేరు. ఒక్క రోజు ఇవ్వగలరు. బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. వారికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు గనుక, ఈ దంపతులు చేసింది మాత్రం రాశాను.

ఇక కారణం. మా మనవడు స్కూలు జట్టులో గోల్‌కీపరు. మొన్న ఒక మ్యాచ్‌లో దగ్గర పోస్టు వైపు నుంచే గోలు పోయి, జట్టు ఓడిపోయింది. వాడు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మా అబ్బాయి ఇదే అదనుగా "ఇక ఆటలు చాలు, చదువు చూసుకో" అన్నాడు. యాభై ఏళ్ల కిందట మా నాన్నగారు నాతో అన్న మాట అదే. నేను సర్వీసు కమిషన్ పరీక్ష రాసి గుమాస్తానయ్యాను, ఆ తరువాత మైదానంలో అడుగుపెట్టలేదు. నాన్నగారి మీద కోపం లేదు, ఆ ఉద్యోగమే ఇల్లు నిలబెట్టింది. కానీ సాయంత్రాలు కూడా వదిలేయమని ఆయన చెప్పలేదు. అది నేను చేసిన పొరపాటు.

ఆ రాత్రి తండ్రీకొడుకులిద్దరినీ కూర్చోబెట్టి విల్సన్ కథంతా చెప్పాను. మనవడు "వెంబ్లీలో గోలు పోయాక ఏం చేశాడు తాతయ్యా?" అని రెండుసార్లు అడిగాడు. మళ్లీ పోస్టుల మధ్య నిలబడ్డాడని చెప్పాను. మా అబ్బాయి కాసేపు ఆగి, "సరే, డిగ్రీ మాత్రం ఆపకూడదు" అన్నాడు. విల్సన్ తండ్రి కోరిందీ దాదాపు అదేనని అన్నాను.

మర్నాడు వాడు మైదానానికి వెళ్లాడు. ఇప్పుడు సాయంత్రాలు నేనూ వెళ్తున్నాను. పోస్టు వెనక నిలబడి, బయటికి పోయిన బంతులు అందిస్తున్నాను.