పాలారు ఒడ్డు పొలాలు

పాలారు అంటే పాల ఏరు. కర్ణాటకలో నంది కొండల వద్ద పుట్టి, కోలారు సీమ దాటి, చిత్తూరు జిల్లాలో కుప్పం వైపును తాకి, తమిళనాడులో వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, రాణిపేటల మీదుగా సముద్రానికి పోతుంది. ఈ మూడు రాష్ట్రాలలోనూ దాని ఒడ్డున మన తెలుగు రైతులున్నారు. ఏడాదిలో ఎక్కువ నాళ్ళు కనబడేది ఇసుకే. నీరు ఇసుక అడుగున నడుస్తుంది. బావులకు ఆ ఊటే ఆధారం. కనుక ఏటిలో కలిసినది పొలానికి చేరడం ఇక్కడ చాలా సులువు.

ఈ ఊళ్ళలో తోళ్ళ పని పాతదే. పూర్వం తంగేడు చెక్కతో పదును చేసి, సగం తయారైన తోళ్ళను ఓడకెక్కించేవారు. 1970ల తొలినాళ్ళలో కేంద్ర ప్రభుత్వం అలాంటి ఎగుమతులకు అడ్డుకట్ట వేసి, పూర్తిగా తయారైన తోలునే ప్రోత్సహించింది. ఉద్యోగాలు, విదేశీ ద్రవ్యం దాని ఉద్దేశం. అవి వచ్చాయి కూడా. వాటితోపాటు క్రోమియం లవణాల వాడకం పెరిగింది. ఆ లవణంలో సుమారు మూడోవంతు తోలుకు పట్టక మురుగునీటిలో పోతుంది.

టానరీ నీటిలో రైతుకు రెండు కీడులున్నాయి. పచ్చితోలు కుళ్ళకుండా పట్టించే ఉప్పు ఒకటి, క్రోమియం రెండోది. పైర్లు దెబ్బతినడానికి ముఖ్య కారణం ఉప్పే. అది నాలుకకు తెలుస్తుంది. మంచి వానలు పడితే కొంత కడుక్కుపోతుంది. క్రోమియం రుచి చెప్పదు. చాలావరకు పైమట్టినే పట్టుకుని ఉండిపోతుంది. మొక్క పీల్చుకున్నదీ ఎక్కువగా వేళ్ళలోనే ఆగుతుంది, గింజకు చేరేది తక్కువ. అందుచేత పంట బాగా కనబడినంత మాత్రాన నేల బాగున్నట్టు కాదు.

1991లో వేలూరు పౌరుల సంఘం ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతమేరకో పనికిరాకుండా పోయిందన్న లెక్క ఆ తీర్పులోనే ఉంది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమని కోర్టు చెప్పింది. ఒక్కో టానరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. నష్టపరిహారం తేల్చడానికి ఒక అధికార సంస్థను ఏర్పరచమంది. 2025 జనవరి 30న అదే కోర్టు మళ్ళీ ఈ సీమ గురించే తీర్పు చెప్పి, పరిహారం ఇంకా అందనివారికి చెల్లించమని ఆదేశించవలసి వచ్చింది. నడుమ ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి.

టానరీలు మూయించి చేతులు దులుపుకోమని నేననను; ఆ ఊళ్ళలోనే వేల కుటుంబాలకు అవి కూడు పెడుతున్నాయి. నా బాధ వేరు. పోయిన పంటకు వెల కట్టడం తెలిసిన మనకు, పాడైన మట్టికి లెక్క కట్టడం ఇంకా రాలేదు. పొలం చేతులు మారినప్పుడు దస్తావేజులో సర్వే నంబరు రాస్తాం, నాలుగు హద్దులూ రాస్తాం. ఆ మట్టిలో ఏముందో మాత్రం రాయం. కొన్నవాడి బిడ్డలు అందులోనే వరి నాటుతారు.