మునిగినా లేచిన స్వర్ణ

1986 ఆగస్టు గోదావరి వరదలప్పుడు మండల కార్యాలయ గుమాస్తాగా పంట నష్టం జాబితాలు రాశాను. "మొత్తం కుళ్ళిపోయింది, రాసుకోండి బాబూ" అంటూ గట్లమీద నిలబడిన రైతులు ఇంకా కళ్ళలో మెదులుతారు.

ఆ చేలల్లో స్వర్ణ కూడా ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1982లో విడుదల చేసిన ఎం.టి.యు. 7029 అదే. వశిష్ట, మసూరి రకాల సంకరం. మంచి దిగుబడినిచ్చి ఒడిశా, బెంగాలు దాకా పాకింది. రోజుల తరబడి మునిగితే మాత్రం నిలవలేదు.

విరుగుడు ఒడిశా నాటు వరిలోనే దొరికింది. దానినుంచి ఎంపికైన ఎఫ్.ఆర్. 13ఎ రకంలో సబ్-1 అనే జన్యుభాగం ఉంది. మామూలు మొక్క నీటిపైకి రావాలని సాగి, ఉన్న శక్తి ఖర్చుచేసుకుని చస్తుంది. ఈ గుణమున్న మొక్క ఎదుగుదల ఆపి శక్తి దాచుకుంటుంది, నీరు తీయగానే చిగురిస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ దీనిని సంకరం ద్వారా స్వర్ణలోకి తెచ్చింది. 2009లో మనదేశంలో విడుదలైన స్వర్ణ-సబ్1 సుమారు రెండు వారాల మునకను తట్టుకుంటుంది.

దిగుబడి చాలదని పక్కన పెట్టిన నాటు విత్తనమే మేలురకాన్ని కాపాడింది. నేను నష్టాల జాబితాలే రాశాను. మిత్రులారా, మీ ఊళ్ళో పాత విత్తనం ఇంకా ఎవరి గాదెలోనైనా ఉంటే, దాని పేరూ గుణమూ మనవలచేత రాయించి ఉంచండి.