తంతిమీది జల్లెడ

కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటలాడుకొను తంతులపై నేమి నడచుచున్నదో చూచుట కొక సాధనము కలదు. అందలి జల్లెడ యెట్లు పుట్టినది, అది యొక్కొక్కప్పుడు ఉన్నదానిని లేనట్లు చూపుటకు కారణ మేమి, అను రెండు సంగతులను గూర్చి నేడు మీతో ముచ్చటింప దలచితిని. ఇది యంత్రశాలలవారికి మాత్రమే కావలసిన విషయమని పెద్దలు తలపవలదు. బ్యాంకిలోని సొమ్ము లెక్కయు, అడంగలు లేక పహాణీ నకలును, రైలు టిక్కెట్టును ఈనాడు ఈ తంతులమీదనే రాకపోకలు సాగించుచున్నవి. అవి నిలిచినపుడు “సర్వరు పనిచేయుట లేదు” అను ఒక్క మాట విని మనము ఇంటిదారి పట్టుచున్నాము. ఆ మాట వెనుక నెవరో యొకరు కూర్చుండి తప్పెక్కడ నున్నదో వెదకుచుందురు. వారి చేతి పనిముట్టు కథయే యిది.

తంతిపై వార్త ఏకధారగా పోదు, తునుకలై పోవును. ఒక్కొక్క తునుకకు ప్యాకెట్ అని పేరు. అది తపాలా కవరువంటిది: లోపల సరకు, పైన విలాసము. అయితే మన కవరుపై విలాసమును చదివి తెలిసికొందుము. ప్యాకెట్‌పై విలాసము స్థానమును బట్టి తెలియవలెను. ఒక్కొక్క స్థానమును బైటు అందురు. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున పుట్టిన ఈథర్నెట్ పద్ధతిలో, నేడు వాడుకలో నున్న రూపమున, మొదటి 6 బైట్లు సరకు చేరవలసిన యంత్రమును, తరువాతి 6 పంపిన యంత్రమును, 13, 14వ బైట్లు లోపలి సరకు జాతిని తెలుపును. ఈ 13వ స్థానమును కొంచెము జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పని యున్నది.

ఆ తొలి పద్ధతిలో యంత్రములన్నియు ఒకే తంతిని పంచుకొనెడివి. చావడియొద్ద తపాలా జవాను పేర్లు చదువుచుండగా అందరును విని, ఎవరి ఉత్తరము వారు పుచ్చుకొన్నట్లు, ప్రతి ప్యాకెట్టును ప్రతి యంత్రమునకు వినబడెడిది. తనది కానిదానిని అది విడిచిపెట్టెడిది. “విడువక అన్నిటిని పట్టుము” అని ఒక యంత్రమున కాజ్ఞ యిచ్చినచో అది కావలివాడగును. ప్యాకెట్లను పట్టి చూచు విద్యకు మూల మిదియే.

ఈ విద్య యొక్క అవసరము 1986 అక్టోబరులో బాగుగా తెలిసివచ్చినది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, అక్కడి విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము సుమారు 400 గజములు. సెకండునకు 32,000 బిట్లు మోయు దారి యది. ఒకనాడది 40 బిట్లకు పడిపోయినది! తంతి తెగలేదు, యంత్రము చెడలేదు. దారి నిండిపోయి ప్యాకెట్లు రాలిపోవుచుండ, పంపినవారు అవి చేరలేదని మరల మరల పంపుచుండిరి. ఇరుకు సందులో బండ్లు చిక్కుకొన్నపుడు వెనుకవారు ఎద్దులను అదలించినట్లు. ఆ ప్రయోగశాలలోని వాన్ జేకబ్సన్ మహాశయుడు దీనికి కారణము వెదకి, దారి నిండుచున్న కొలదియు పంపువారు తమంత తాము తగ్గవలసిన పద్ధతిని 1988లో ప్రకటించెను. నేటి ఇంటర్నెట్టు ఆ పద్ధతి యొక్క సంతతివలననే నిలిచియున్నది.

ఆ పరిశోధనలో భాగముగనే జేకబ్సన్, క్రెయిగ్ లెరెస్, స్టీవెన్ మెక్కాన్ అను మువ్వురు టీసీపీడంప్ అను ప్రోగ్రామును వ్రాసిరి. దానికి జల్లెడ యేల కావలసివచ్చెనో చెప్పెదను. కంప్యూటరులో కెర్నెల్ అను యజమాని కలదు. తంతితో సంబంధమంతయు దానిదే. మనము నడుపు ప్రోగ్రాములు వాకిటి కావల నిలిచిన పనివారు. తంతిపై వచ్చిన ప్రతి ప్యాకెట్టుకును నకలు తీసి వాకిటి కావలికి మోసి, అక్కడ నూటికి తొంబదింటిని పారవేయుట వృథాశ్రమ. స్టేషనులోనే ఏరవలసిన సంచులను ఇంటికి మోయించి ఏరుట వంటిది. కనుక జల్లెడ వాకిటి లోపలనే యుండవలెను.

అట్టి జల్లెడ అంతకు మునుపే యొకటి కలదు. కార్నెగీ మెలన్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములలో పెరిగిన దానిని గూర్చి మొగల్, రషీద్, అక్సెట్టా అనువారు 1987లో వివరించిరి. మంచి యూహయే, కాని రెండు లోపములు. కాగితములను దొంతరగా పేర్చి పైనుండి తీసినట్లు లెక్కలు చేయుటవలన జ్ఞాపకస్థానముతో దానికి మాటిమాటికి పని. కొత్త యంత్రములలో అది ఆలస్యము. రెండవది నా దృష్టిలో పెద్దది: అది నియతస్థానములనే చూడగలదు. లోపలి విలాసపత్రము పొడవు ఒక్కొక్క ప్యాకెట్టులో ఒక్కొక్కరీతి నుండవచ్చును. పొడవు మారినచో పోర్టు, అనగా యంత్రములోని ఏ పనివానికి సరకు చెందవలెనో తెలుపు సంఖ్య, స్థానము మారును. పాత జల్లెడ అంతటితో చేతులెత్తివేసెడిది.

1993 జనవరిలో సాండియాగో నగరమున మెక్కాన్, జేకబ్సన్‌లు బర్క్‌లీ ప్యాకెట్ ఫిల్టరును పండితసభలో వివరించిరి. ముందుగా పొడవు చదివి, ఆ పొడవును కూడుకొని తరువాతి స్థానమునకు పోవు నేర్పు దీనికి కలదు. పాతదానికంటె 20 రెట్ల వరకు వేగమనియు, సన్ సంస్థవారి సాధనముకంటె మొత్తముమీద 100 రెట్ల వరకు వేగమనియు వారు కొలిచి చూపిరి. దీని సూచనలు ముందునకే దుముకవలెను గాని వెనుకకు పోరాదు. కావున ఎట్టి జల్లెడయైనను ఆగకుండ తిరుగుచు యజమానిని స్తంభింపజేయజాలదు. ఈ చిన్న నియమము నాకు మిక్కిలి నచ్చినది. 1998లో జెరాల్డ్ కోంబ్స్ ప్రారంభించి, 2006లో వైర్‌షార్క్ అని పేరు మారిన ప్రసిద్ధ సాధనము సయితము పట్టుటకు ఈ జల్లెడనే వాడును. పట్టినదానిని చూపుటకు మాత్రము దానికి వేఱొక భాష కలదు. ఈ భాష నచ్చట వ్రాసి, ఆ భాష నిచ్చట వ్రాసి చిక్కుపడువారు నేటికిని పలువురు.

ఇక 13వ స్థానము సంగతి. 1998లో ఒకే తంతిపై పలు శాఖల రాకపోకలను వేఱుపరచుటకై విధించిన పద్ధతి యొకటి వచ్చెను. దానిచే 12వ బైటు తరువాత 4 బైట్ల ముద్ర చొప్పింపబడును. సరకు జాతిని తెలుపు గుర్తు 17వ స్థానమునకు జరుగును. “ఫలాని యంత్రము ప్యాకెట్లు చూపుము” అన్న జల్లెడ యథాప్రకారము 13వ స్థానమునే చూచును. అక్కడ పరాయి గుర్తు కనబడగానే “కాదు” అని విడుచును. ప్యాకెట్లు వేలకొలది పోవుచుండ తెరపై నొక్కటియు రాదు. చూచువాడు అవతలి యంత్రమే పంపుట లేదని నిశ్చయించి, దాని యజమానిపై నేరము మోపును.

దీనికి వీలాన్ అను మాటను జల్లెడలో చేర్చవలెను. ఆ మాట తగిలినది మొదలు తరువాతి స్థానములన్నియు 4 చొప్పున జరుగును. ముందు వ్రాసినవి జరుగవు. కావున మాటల వరుస మారినచో అర్థమే మారును. కొన్ని యంత్రములలో కార్డు ఆ ముద్రను ముందుగనే యూడదీయును గనుక ఒకచోట పనిచేసిన జల్లెడ మరొకచోట పనిచేయదు.

ఇంకను కొన్ని మోసములు కలవు. “మొదటి యంత్రము లేక రెండవ యంత్రము, మఱియు 80వ పోర్టు” అని వ్రాసినచో, ఈ భాషలో “లేక”, “మఱియు” రెండును సమాన బలము గలవి. ఎడమనుండి కుడికి చదువబడును. మొదటి యంత్రముయొక్క ప్యాకెట్లన్నియు కోరినవానికి 80వ పోర్టువి మాత్రమే దక్కును. కుండలీకరణములు పెట్టుటకు బద్ధకింపరాదు. అట్లే పెద్ద ప్యాకెట్టు దారిలో ముక్కలైనచో పోర్టుసంఖ్య మొదటి ముక్కలోనే యుండును. పోర్టును బట్టి జల్లించినచో మిగిలిన ముక్కలు కానరావు.

ఆరితేరిన పరిశోధకులు కావుననే జల్లెడ లేకుండ కొద్ది ప్యాకెట్లను ముందుగా పట్టి చూతురు. అసలేమియు రానిచో తప్పు జల్లెడది కాదు. తంతిదో, నిలుచున్న చోటుదో. నేటి స్విచ్చిపెట్టెలు చావడి జవానువలె అందరికి వినిపింపక ఎవరి ఉత్తరము వారి యింటనే వేయును గదా. ప్యాకెట్లు వచ్చుచున్నచో, జల్లెడలోని షరతులను ఒకటొకటిగా చేర్చి, ఏ షరతు చేరగానే తెర ఖాళీ యయ్యెనో చూతురు. తుదకు కెర్నెల్ రాల్చిన ప్యాకెట్ల లెక్కను టీసీపీడంప్ చూపును. అది సున్న కానిచో పట్టిన సాక్ష్యము సంపూర్ణము కాదు.

అప్పటికిని సందేహము తీరనివారికి ఆ మువ్వురే యొక మార్గము విడిచిరి. ప్రోగ్రామునకు డి అను గుర్తు చేర్చినచో ఒక్క ప్యాకెట్టును పట్టక, మన మాటలు కెర్నెల్‌కు ఏ సూచనలుగా మారినవో వరుసగా అచ్చువేయును. మొదటి పంక్తిలోనే ఏ స్థానమును చదువుచున్నదో యుండును. సున్ననుండి లెక్కించు అలవాటు వారిది గనుక, అచ్చట 12 అని కనబడినచో అది మన 13వ స్థానమే.